రోగి కోరునదేమి? – వృత్తి చికిత్స కథ

1917వ సంవత్సరము మార్చి 15వ తేదీన, అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రమునందలి క్లిఫ్టన్ స్ప్రింగ్సు అను చిన్న ఊరిలో, ఒక ఇంట ఆరుగురు వ్యక్తులు సమావేశమైరి. మూడు దినములు చర్చించి వారొక సంఘమును స్థాపించిరి. ఆ దేశమున వృత్తి చికిత్సను వ్యాప్తి చేయుటకై ఏర్పడిన మొదటి జాతీయ సంఘమదియే. ఆ ఆరుగురిలో వైద్యుడు ఒక్కడే, విలియం రష్ డంటన్ అను మానసిక వైద్యుడు. ఎలియనార్ క్లార్క్ స్లేగిల్ సంఘసేవలో శిక్షణ పొందిన వనిత. సూసన్ కాక్స్ జాన్సన్ చేతిపనులు నేర్పు ఉపాధ్యాయురాలు. థామస్ కిడ్నర్ కెనడాలో యుద్ధమున గాయపడిన సైనికులకు పనులు నేర్పు ఏర్పాట్లు చూచుచుండినవాడు. ఇసబెల్ న్యూటన్ ఆ ఇంటిలో కార్యదర్శినిగా పనిచేయుచుండెను. ఇక ఆరవవాడు ఇంటి యజమాని, జార్జి ఎడ్వర్డ్ బార్టన్. ఇతడు వాస్తుశిల్పి. అంతకంటె ముఖ్యముగా, ఇతడొక రోగి.

ఆ రోగినే వారు సంఘమునకు అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. వైద్యశాస్త్ర చరిత్రలో ఇట్టి సంఘటన అరుదు. ఒక చికిత్సాశాఖ పుట్టుకలో, చికిత్స చేయువారి సరసన చికిత్స పొందినవాడును కూర్చుండి తన మాట చెప్పెను. తరువాత నూరేండ్లలో ఈ శాఖ ఆ మాటను ఒకప్పుడు మరచినది, ఒకప్పుడు తిరిగి జ్ఞాపకము చేసికొన్నది. ఆ మరపును, ఆ జ్ఞాపకమును తెలిసికొన్నచో ఈ శాఖ స్వభావము చాలవరకు బోధపడును.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. ఆక్యుపేషనల్ థెరపీ అను మాటను తెలుగున వృత్తి చికిత్స అనుట వాడుక. వృత్తి అనగానే మనకు కుమ్మరి వృత్తి, కమ్మరి వృత్తి, ఉపాధ్యాయ వృత్తి జ్ఞాపకము వచ్చును. ఇచట అర్థము అంత సంకుచితము కాదు. మనుష్యుని కాలమును, మనస్సును ఆక్రమించు ప్రతి పనియు ఇందులో చేరును. స్నానము చేయుట, అన్నము కలుపుకొని తినుట, చీర కట్టుకొనుట, బడికి పోవుట, పిల్లవాడు బొంగరము త్రిప్పుట, తాత భారతము చదువుకొనుట, ఇవి అన్నియు ఈ శాస్త్రమున వృత్తులే. వ్యాధి వలనగాని, దెబ్బ వలనగాని ఇట్టి పనులు చేయలేకపోయినవారికి, ఆ పనుల ద్వారముననే, ఆ పనుల కొరకే చేయు చికిత్స వృత్తి చికిత్స. వ్యాయామ చికిత్స దీనికి సోదరి వంటిదే కాని ఒకటి కాదు. మోకాలు ఎంతవరకు వంగుచున్నదని వ్యాయామ చికిత్సకుడు ముందుగా చూచును. ఆ మోకాలితో ఈ మనిషి ఎక్కడికి పోదలచుకొన్నాడని వృత్తి చికిత్సకుడు ముందుగా అడుగవలెను. అడుగవలెను అనుటలోనే ఈ కథ యంతయు ఉన్నది.

బార్టన్ 1871లో జన్మించెను. వాస్తుశిల్పమున పేరు తెచ్చుకొనుచుండగా అతనికి క్షయవ్యాధి సోకినది. ఆరోగ్యము కొరకు కొలరాడో రాష్ట్రమునకు పోయెను. అచట తీవ్రమైన చలిలో ఎడమ పాదము గడ్డకట్టి కుళ్ళగా 1912లో వ్రేళ్ళను తీసివేయవలసి వచ్చెను. దాని వెంట శరీరము ఎడమ ప్రక్క చచ్చుబడెను. నాడులలో కనబడు లోపమేమియు లేకయే వచ్చిన పక్షవాతమది. నలుబది యేండ్లు దాటిన మనిషి, గృహములు నిర్మించిన చేతులు గలవాడు, క్లిఫ్టన్ స్ప్రింగ్సులోని ఆరోగ్యశాలలో మంచమున పడియుండెను. ఎల్‌వుడ్ వూస్టర్ అను మతాచార్యుడు అతనితో మాటలాడి, మిగిలిన జీవితమును గూర్చి ఆలోచింపుమని పురికొల్పెను.

బార్టన్ ఆలోచించెను. ఆరోగ్యశాల దాపున ఒక ఇల్లు కొని, 1914లో దానికి కన్సొలేషన్ హౌస్, అనగా ఓదార్పు గృహము, అని పేరు పెట్టెను. అందులో పనిముట్ల గది, వెనుక తోట ఏర్పరచుకొనెను. వడ్రంగము చేసెను, తోటపని చేసెను. ఎడమ చేతిని, ఎడమ కాలిని పనిలో పెట్టి, ఏ పనికి ఏ అవయవము ఎంత కదలుచున్నదో తానే గమనించెను. క్రమముగా కోలుకొనెను. తరువాత తనవంటి వారిని పిలిచి వారికిని మార్గము చూపెను. ఆసుపత్రులు రోగము కుదిర్చి పంపుచున్నవి గాని మనిషిని బ్రతుకునకు సిద్ధము చేసి పంపుట లేదని అతని ఫిర్యాదు. ఆక్యుపేషనల్ థెరపీ అను మాటను వాడుకలోనికి తెచ్చినవాడు అతడే. 1923లో క్షయతోనే మరణించెను.

అయితే బార్టన్ విషయమున ఒక విచిత్రము కలదు. తాను తన ఇచ్చ చొప్పున పని ఎన్నుకొని కోలుకొన్నవాడయ్యును, ఇతరులకు వచ్చునప్పటికి, మందులకు ద్రవ్యగుణ శాస్త్రము ఉన్నట్లు పనులకును ఒక గుణశాస్త్రము నిర్మింపవచ్చునని తలచెను. ఫలానా రోగమునకు ఫలానా పని అని చీటి వ్రాసి ఇచ్చుట అన్నమాట. అది నెరవేరలేదు. నెరవేరకపోవుటయే మేలైనదని చెప్పవచ్చును.

బార్టన్ చేసిన పని ఆనాటి వైద్యులకు ఎంత వింతగా తోచియుండునో తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను. పందొమ్మిదవ శతాబ్ది చివర, నరముల బలహీనతకు విశ్రాంతి చికిత్స గొప్ప ప్రచారములో ఉండెను. ఫిలడెల్ఫియాకు చెందిన సైలాస్ వియర్ మిచెల్ దీనికి మూలపురుషుడు. ఆరు వారములు మొదలు ఎనిమిది వారముల వరకు రోగిని, ఎక్కువగా స్త్రీలను, మంచము దిగనీయరు. పాలు మొదలగు పుష్టికరమైన ఆహారము ఇత్తురు. చదువుట, వ్రాయుట, కుట్టుపని, బంధువుల రాకపోకలు అన్నియు నిషేధము. షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ అను రచయిత్రి 1887లో ఈ చికిత్స పొందినది. కలము ముట్టరాదన్న నిషేధము తన మతి పోగొట్టునంత పని చేసినదని ఆమె తరువాత ప్రకటించెను. 1892లో ఆమె వ్రాసిన ఒక కథ నేటికిని వైద్య విద్యార్థులచే చదివింపబడుచున్నది.

ఇంకను వెనుకకు పోయినచో, పనియే ఔషధమను భావము కొత్తది కాదని తెలియును. 1796లో ఇంగ్లండున యార్క్ నగరమున విలియం ట్యూక్ అను క్వేకరు వర్తకుడు మానసిక రోగులకు రిట్రీట్ అను ఆశ్రమము తెరచెను. అచట గొలుసులకు బదులు మర్యాద, ఏకాంతమునకు బదులు తోటపని, కుట్టుపని, చదువు. ఫ్రాన్సులో ఫిలిప్ పినెల్ ఇట్టి పద్ధతినే ప్రబోధించెను. గొలుసులు తీయించిన కీర్తి చిత్రపటములలో పినెల్‌కే దక్కినది గాని, పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రిలో 1797లో ఆ పని చేసినవాడు జాఁ బాప్తిస్త్ పుస్సాఁ అను పర్యవేక్షకుడు. అతడును ఒకప్పుడు ఆ ఆసుపత్రిలో రోగియే!

ఈ సత్సంప్రదాయము నిలువలేదు. ఆశ్రమములు పెరిగి వేల పడకల ఆసుపత్రులైనవి. రోగుల చేత పొలము దున్నించిరి, బట్టలు ఉతికించిరి, వంట చేయించిరి. చికిత్స అను పేరు ఉండెను. జీతము లేదు, ఎన్నిక లేదు. ఆసుపత్రి ఖర్చు తగ్గుచుండెను కావున దానిని ప్రశ్నించువారును తక్కువైరి. అమెరికాలో ఈ వెట్టికి చట్టరీత్యా అడ్డుకట్ట పడినది 1973లో. రోగుల చేత పని చేయించు సంస్థలు కూడ కనీస వేతన చట్టమునకు లోబడవలసినదేనని ఆ యేట ఒక సమాఖ్య న్యాయస్థానము తీర్పు చెప్పెను. అదే తోట, అదే పార. ఒకచోట అది చికిత్స, మరియొకచోట వెట్టి. పని యొక్క గుణము పార యందు లేదు. ఆ పారను ఎవరు ఎవరి కొరకు పట్టుచున్నారను దానియందు ఉన్నది.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఈ భేదమును కొందరు గుర్తించిరి. మసాచుసెట్స్ రాష్ట్రమున మార్బిల్‌హెడ్ అను సముద్రతీర గ్రామములో హెర్బర్ట్ హాల్ అను వైద్యుడు 1904 ప్రాంతమున విశ్రాంతి చికిత్సకు ఎదురుగా పని చికిత్సను ప్రారంభించెను. రోగులు కుండలు చేసిరి, మగ్గము నేసిరి. ఈ ప్రయోగమునకు 1906లో హార్వర్డ్ విశ్వవిద్యాలయము వేయి డాలర్లు సహాయము చేసినది. మార్బిల్‌హెడ్ కుండలకు బజారులో ఎంత గిరాకి వచ్చినదనగా, కుండల పని చికిత్స నుండి విడిపోయి ప్రత్యేక వ్యాపారమైనది. నేర్పరులు కాని రోగులు బజారు గిరాకితో పోటీపడలేరు గదా! అదే కాలమున బోస్టనులో సూసన్ ట్రేసీ అను నర్సు, మంచమున ఉండియే చేయదగిన పనులను రోగులకు నేర్పు విధమును ఇతర నర్సులకు బోధించి, 1910లో ఆ విషయమున ఒక గ్రంథము ప్రకటించెను. డంటన్ 1918లో ఈ చికిత్సకు కొన్ని సూత్రములు కూర్చెను. పని రోగికి ఆసక్తి కలిగించునదై యుండవలెను. రోగిని శ్రద్ధగా పరిశీలింపవలెను. అలసట వచ్చువరకు చేయింపరాదు. చేసిన వస్తువు పాడైపోయినను ఊరక కూర్చుండుటకంటె అది మేలు అని ఆ సూత్రముల సారము. చివరి సూత్రమును తరగతి గదిలో పనిచేయు ఉపాధ్యాయులు మెచ్చుకొందురు.

ఈ ఆలోచనలకు తాత్త్విక రూపము ఇచ్చినవాడు అడాల్ఫ్ మేయర్. స్విట్జర్లాండులో పుట్టి, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున మానసిక వైద్యాచార్యుడైనవాడు. 1921లో బాల్టిమోరులో అతడు చేసిన ఉపన్యాసము మరుసటి యేడు అచ్చైనది. మనుష్యుని ఆరోగ్యము ఒక లయ వంటిదని అతడు చెప్పెను. పని, ఆట, విశ్రాంతి, నిద్ర అను నాలుగు తాళముల మీద బ్రతుకు నడచును. లయ తప్పినవానికి దానిని తిరిగి చేకూర్చుటలో వైద్యుని వంతు ఆజ్ఞలు వ్రాసి ఇచ్చుట కాదు, అవకాశములు కల్పించుట. మేయర్ ఆసుపత్రిలో స్లేగిల్ ఈ సిద్ధాంతమును ఆచరణలో పెట్టినది. ఏండ్ల తరబడి మూలన కూర్చుండి, తినుట కట్టుకొనుట కూడ మరచిన రోగులకు ఆమె దినచర్యను మరల అలవాటు చేయించెను. ఉదయము లేచుట మొదలు రాత్రి నిద్ర వరకు ప్రతి గంటకు ఒక నియమము ఉండెడిది. అనేకులు దీని వలన మనుష్యులలో పడిరి. కాని ఆ పట్టికను వ్రాసినది రోగి కాదు, సిబ్బంది. అవకాశమునకును ఆజ్ఞకును మధ్య గీత ఎంత సన్ననిదో ఇచట చూడవచ్చును. మాట కూడ పలుకని రోగిని కోరిక ఏమని అడుగుట ఎట్లు అని స్లేగిల్ పక్షమున వాదింపవచ్చును. ఆ వాదమునకు సులభమైన సమాధానము నేటికిని లేదు.

మొదటి ప్రపంచయుద్ధము ఈ శాఖను పెంచినది. 1918లో అమెరికా సైన్యము రికన్‌స్ట్రక్షన్ ఎయిడ్స్ అను పేరుతో స్త్రీలను ఫ్రాన్సునకు పంపెను. వీరికి సైనిక హోదా లేదు. లా ఫోష్ అను గ్రామమునందలి 117వ బేస్ ఆసుపత్రిలో, ఫిరంగుల మ్రోతకు మనస్సు చెదరి, చేతులు వణకుచు, మాట పడిపోయిన సైనికులకు వీరు చెక్కపని, లోహపుపని ఇచ్చిరి. యుద్ధానంతరము ఈ స్త్రీలను ఆసుపత్రులు పిలిచి ఉద్యోగములు ఇచ్చినవి. బ్రిటనులో 1930లో ఎలిజబెత్ కాసన్ అను వైద్యురాలు బ్రిస్టల్ నగరమున డార్సెట్ హౌస్ అను మొదటి శిక్షణాలయమును తెరచెను.

ఆ మీదట వచ్చినది మరపు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున వేలకొలది క్షతగాత్రులు వచ్చిరి. ఆసుపత్రులు లెక్కలు అడిగినవి. వృత్తి చికిత్సకులును, వైద్యుల యెదుట తమ శాస్త్రీయతను నిరూపింపవలెనని, కొలతల వెంట పడిరి. మోచేయి ఎన్ని డిగ్రీలు వంగినది, పిడికిలి ఎన్ని పౌనుల బలముతో బిగిసినది అని కోణమాపకముతోను, బలమాపకముతోను కొలిచి వ్రాసిరి. మగ్గమునకు బరువులు కట్టిరి, నేతకు కాదు, భుజపు కండకు. వాలుబల్లపై గరుకు కాగితముతో చెక్కను రుద్దించిరి, బల్ల చేయుటకు కాదు, మోచేయి చాపుటకు. ఒక పలకలోని కొయ్య మేకులను తీసి మరొక పలకలో గ్రుచ్చుట, మరల తీయుట! కొలతలు చెడ్డవని ఇచట అభిప్రాయము కాదు. అవి లేనిదే మెరుగును తరుగును తెలియవు. కాని బుట్ట అల్లినవాడు బుట్ట కొరకు అల్లనప్పుడు, బార్టన్ తోటలో జరిగినది ఆ గదిలో జరుగుట లేదు.

ఈ సంగతిని ఆ శాఖలోనివారే ఎత్తి చూపిరి. 1961లో మేరీ రైలీ అను ఆచార్యురాలు, స్లేగిల్ పేరిట ఏటేట జరుగు స్మారకోపన్యాసములో, మనుష్యుడు మనస్సుతోను సంకల్పముతోను చేతులను నడుపుట ద్వారా తన ఆరోగ్యమును తానే మార్చుకొనగలడను ఊహయే ఈ వృత్తికి పునాది యని, దానిని నిరూపించు భారము మన మీద ఉన్నదని సహోద్యోగులను హెచ్చరించెను. 1966లో అదే వేదికపై ఎలిజబెత్ యెర్క్సా, రోగి తానే ఎన్నుకొన్న పని కానిది నిజమైన వృత్తి చికిత్స కాదని వాదించెను. అంతకుముందే, 1951లో, కార్ల్ రోజర్స్ అను మనస్తత్వవేత్త రోగి అనుమాట మాని క్లయింటు అను మాటను ప్రచారములోనికి తెచ్చియుండెను. మనకు క్లయింటు అనగానే న్యాయవాది గుర్తుకు వచ్చును గాని, పోలిక అంత చెడ్డది కాదు. వ్యాజ్యము కక్షిదారునిది. న్యాయవాదికి చట్టము తెలియును, కాని ఏమి గెలువవలెనో చెప్పవలసినవాడు కక్షిదారుడే.

ఇంచుమించు ఆ సంవత్సరములందే, మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు ఆవల వేలూరులో, వేరొక త్రోవన వచ్చిన ఒక వైద్యునికి ఇదే పాఠము ఎదురైనది. పాల్ బ్రాండ్ అను ఆంగ్లేయ శస్త్రవైద్యుడు తమిళనాట కొల్లి కొండలలో పుట్టినవాడు. వైద్యము చదువుటకు ముందు కొన్ని సంవత్సరములు ఇండ్ల నిర్మాణపు పనులు నేర్చినవాడు. కుష్ఠువ్యాధి వలన కొంకర్లు పోయిన వ్రేళ్ళను, బలముగల కండర స్నాయువులను త్రిప్పి కుట్టి సరిచేయు శస్త్రచికిత్సను అతడు 1940ల చివర ప్రారంభించెను. వ్రేళ్ళు చాపుకొనుచున్నవి, ముడుచుకొనుచున్నవి. శస్త్రచికిత్స జయప్రదమైనది. కాని కొందరు రోగులు తిరిగి వచ్చి మొరపెట్టుకొనిరి. కొంకర్లు పోయిన చేయి చాచినప్పుడు జనులు జాలిపడి కాసు వేసెడివారు. ఇప్పుడు చేయి చక్కగా ఉన్నది, కాసు రాలుట లేదు. రోగి యని తెలిసినవారు పని ఇయ్యరు, ఇల్లు అద్దెకు ఇయ్యరు. వైద్యుడు ఇచ్చిన మంచి చేయి ఆ మనిషి కడుపు కొట్టినది!

బ్రాండ్ ఈ మొరను తేలికగా తీసికొనలేదు. 1951లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆవరణమున న్యూ లైఫ్ సెంటర్, అనగా నవజీవన కేంద్రము, వెలసినది. శస్త్రచికిత్స అయినవారు అచట గుడిసెలలో నివసించుచు వడ్రంగము నేర్చిరి. అచట మరియొక సంగతి బయటపడినది. కుష్ఠువ్యాధి మాంసమును తినివేయుట వలన వ్రేళ్ళు పోవుచున్నవని అంతవరకు లోకము నమ్మెను. పని చేయు చేతులను ప్రతిదినము పరీక్షింపగా, స్పర్శ లేకపోవుట వలన సుత్తి పిడిని అతిగా బిగించుట, కాలు గిన్నెను పట్టుకొనుట, తాళపుచెవిని చర్మము చీలునంతగా త్రిప్పుట ఇత్యాది గాయములే వ్రేళ్ళను హరించుచున్నవని తేలినది. రాత్రి నిద్రలో ఎలుకలు కొరికినను తెలియని వారికి పిల్లులను పెంచుకొనుమని ఇచ్చిరి. రోగి ఏ పని చేయుచున్నాడు, ఎట్లు చేయుచున్నాడు అని చూచినందు వలన లభించిన విజ్ఞానమిది. ప్రయోగశాలలో కూర్చున్నచో దొరకునది కాదు.

భారతదేశమున వృత్తి చికిత్సా విద్యకు ఆద్యురాలు కమలా నింబ్కర్. ఆమె అమెరికాలో పుట్టిన వనిత, జన్మనామము ఎలిజబెత్ లండీ. భారతీయుని వివాహమాడి ఈ దేశమును తన దేశముగా చేసికొని, కమల అను పేరు ధరించెను. ఫిలడెల్ఫియాలో వృత్తి చికిత్స అభ్యసించి వచ్చి, 1950లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో శిక్షణాలయము నెలకొల్పెను. ఆసియాలో అది మొదటిది. 1952లో అఖిల భారత సంఘము ఏర్పడినది. అదే యేట పది దేశములు కలసి ప్రపంచ సమాఖ్యను స్థాపింపగా, అందులో భారతదేశము ఒకటి. అమెరికా పాఠ్యపుస్తకములో కుర్చీ మీద కూర్చుండి చెంచాతో తినుట ఉండును. మన రోగికి పీట మీద బాసింపట్టు వేసి కూర్చుండుట, ఐదు వ్రేళ్ళతో ముద్ద కలుపుట కావలెను. తుంటి ఎముక విరిగినవారికి నేల మీద కూర్చుండరాదని చెప్పుట సులభము. నేల మీదనే వండి, తిని, పూజ చేసికొని, నిద్రించు ఇంటిలో ఆ మాట ఎంత పెద్ద శిక్షయో చెప్పువానికి తెలియవలెను.

కోరికను అడుగుట మంచిదని ఒప్పుకొన్న పిదప, అడుగుట ఎట్లు అను ప్రశ్న మిగిలినది. 1980లో అమెరికాలో గారీ కీల్‌హాఫ్నర్, సహచరులతో కలసి, మనుష్యుని ప్రవృత్తిని మూడు అంశములుగా విడదీసి చూపెను. మొదటిది ఇచ్ఛ: ఈ పని నాకు విలువైనది, ఇది నాకు ఇష్టము, దీనిని నేను చేయగలను అను భావములు. రెండవది అలవాటు. మూడవది శక్తి. చికిత్సకులు తరచు మూడవదానితో మొదలుపెట్టుదురు. మనిషి మాత్రము మొదటిదానితో మొదలుపెట్టును. కెనడాలో ప్రభుత్వమును వృత్తి చికిత్సకుల సంఘమును కలసి 1983లో రోగి కేంద్రముగా చికిత్స సాగవలెనని మార్గదర్శక సూత్రములు ప్రకటించిరి. మేరీ లా మొదలగు ఆరుగురు పరిశోధకురాండ్రు 1990 ప్రాంతమున ఒక ప్రశ్నావళిని రూపొందించిరి. రోగి తన దినచర్యలో చేయలేకపోవుచున్న పనులను తానే చెప్పును. ఒక్కొక్కటి తనకు ఎంత ముఖ్యమో ఒకటి నుండి పది వరకు అంకె వేయును. మిక్కిలి ముఖ్యములైన వాటిని, ఐదింటికి మించకుండ, ఏరును. వాటిని ఇప్పుడు ఎంత బాగుగా చేయుచున్నాడో ఒక అంకె, దానితో ఎంత తృప్తిగా ఉన్నాడో మరొక అంకె. కొన్ని వారముల తరువాత మరల అడిగి, సగటున రెండంకెలు పెరిగినచో గణనీయమైన మార్పుగా ఎంచుదురు. కోణమాపకము వంటిదే ఇదియు. అయితే కొలతబద్ద రోగి చేతిలో ఉండును.

దీని వలన నిజముగా లాభమున్నదా, లేక ఇది మర్యాద మాత్రమేనా అని విజ్ఞానశాస్త్రము చదువువారు అడుగక మానరు. రెండు నిదర్శనములు చెప్పవచ్చును. పక్షవాత రోగులలో జరిగిన పరిశోధనలలో, ఊరక గాలిలో చేయి చాపుమన్నప్పటికంటె, ఎదుట ఉన్న నిజమైన వస్తువును అందుకొనుమన్నప్పుడు చేయి వేగముగాను, తడబాటు తక్కువగాను కదలుట కనబడినది. నాడీమండలము కండరములకు విడివిడిగా ఆజ్ఞలు పంపుట కంటె గమ్యమును బట్టి వాటిని కూర్చుట ఇందుకు కారణమని చెప్పుదురు. రెండవది 1997లో ప్రకటింపబడిన లాస్ ఏంజిలిస్ పరిశోధన. అరువది యేండ్లు దాటిన 361 మందిని మూడు జట్లుగా, చీట్లు వేసినట్లు, యాదృచ్ఛికముగా విభజించిరి. ఒక జట్టునకు తొమ్మిది నెలలు వృత్తి చికిత్సకులు, ఎవరి జీవితమునకు ఏది అర్థవంతమో ఆలోచింపజేయుచు, తోడ్పడిరి. రెండవ జట్టు కలిసి కూర్చుండి చేతిపనులు, సినిమాలు మొదలగు వాటితో కాలక్షేపము చేసెను. మూడవ జట్టునకు ఏమియు లేదు. మొదటి జట్టువారి ఆరోగ్యము, శక్తి, జీవిత సంతృప్తి మెరుగుపడినవి. కాలక్షేపము చేసిన రెండవ జట్టు, ఏమియు లేని మూడవ జట్టు కంటె మెరుగు కాలేదు. ఏదో ఒక పనిలో పెట్టిన చాలునని తలచువారికి ఇది ఆశ్చర్యము కలిగించును.

మన దేశమున 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టము వృత్తి చికిత్సకులను కూడ గుర్తించినది. ఇంటర్మీడియటులో జీవశాస్త్రము చదివినవారు ఈ విద్యలో ప్రవేశింపవచ్చును. వారు శరీర నిర్మాణ శాస్త్రము, నాడీ శాస్త్రము చదువుదురు. తెలుగు ఇంటిలో వారికి ఎదురగు చిక్కు ఆ పుస్తకములలో తక్కువగా ఉండును. మన ఇండ్లలో రోగిని అడిగిన ప్రశ్నకు తరచు ఇంకొకరు సమాధానము చెప్పుదురు.

పక్షవాతము వచ్చి కుడిచేయి స్వాధీనము తప్పిన ఒక వృద్ధురాలిని ఊహింతము. "మా అమ్మ నడిస్తే చాలండి" అనును కుమారుడు. "వంట జోలికి పోకుండా కూర్చుంటే చాలు, మేము చూసుకుంటాము" అనును కోడలు. ఇద్దరిదియు ప్రేమయే. చికిత్సకురాలు వారి మాట విని, వృద్ధురాలి ప్రక్కన కూర్చుండి, "మామ్మగారూ, మంచాన పడకముందు తెల్లవారి లేచింది మొదలు మీరేమేమి చేసుకునేవారో చెప్పండి" అని అడుగును. నీ లక్ష్యమేమి అని సూటిగా అడిగినచో "నాకేం కావాలమ్మా, ఈ వయసులో" అనుటయే మన మర్యాద. దినచర్య అడిగినచో కథ వచ్చును. వాకిట ముగ్గు, తులసికోట వద్ద దీపము, మనుమరాలికి జడ. ఆమె దీపము వెలిగించుటకు పదికి పది వేయును, నడకకు ఆరు. అగ్గిపుల్ల గీయుటకు రెండు చేతులు కావలెను, వత్తి సర్దుటకు వ్రేళ్ళ కొనలు కావలెను, తులసికోట వరకు పోవుటకు నడకయు కావలెను. కుమారుని కోరిక కూడ దారిలోనే నెరవేరుచున్నది. ఎడమ చేతితో అగ్గిపెట్టెను అదిమి పట్టుట, ప్రమిద క్రింద జారని గుడ్డ పరచుట, పొడుగు పుల్లలు వాడుట మొదలగు ఉపాయములు ఆలోచించుట చికిత్సకురాలి విద్య.

రెండు నెలల తరువాత మరల అడుగుదురు. దీపము ఎంత బాగుగా వెలిగించుచున్నారన్న ప్రశ్నకు ఆమె నాలుగు వేయవచ్చును. నూనె ఒలుకుచునే యున్నది, మూడు పుల్లలు విరుగుచున్నవి. తృప్తి ఎంత అన్న ప్రశ్నకు తొమ్మిది వేయవచ్చును. చికిత్సకురాలు ఈ రెండంకెలను కలిపి సగటు తీయదు. నాలుగును ఒక గడిలోను, తొమ్మిదిని దాని ప్రక్క గడిలోను వ్రాసికొనును.